వదిన ఊడ్వని తివాచీ

పోయిన వారం మా మిర్యాలగూడ ఇంటి ముందుకు ఒకతను సైకిల్ మీద తివాచీలు వేసుకుని వచ్చాడు. అరుగు మీద ఒకటి పరిచి, "ఉన్నిదమ్మా, చెయ్యితోటి ముడి ఏసి కట్టింది" అన్నాడు. పువ్వులు చూడమని చూపించాడు. నేను పువ్వులు చూడలేదు. వంగి మూల పట్టుకుని వెనక్కి తిప్పాను. వెనక ముతక గుడ్డ అతికించి ఉంది. గోటితో గీరితే జిగురు పెళ్లలుగా లేచింది.

"ఇది మిషను మాల్ నాయినా, చెయ్యిది కాదు" అన్నాను.

అతను దొరికిపోయినందుకు సిగ్గుపడకుండా నవ్వాడు. "నీకెవలు నేర్పిన్రమ్మా గీ తిప్పి సూసుడు? ఎవలైనా పువ్వు సూస్తరు గని ఎనకెవలు సూడరు."

"మా వదిన" అన్నాను. ఆ మాట అని ఊరుకుంటే సరిపోయేది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఈ వయసులో, పరాయి మనిషి ముందర, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. పాపం అతను హడలిపోయి, తివాచీ చుట్టేసి సైకిల్ ఎక్కాడు. వదిన పోయి అప్పటికి రెండు నెలలు. పోయిన రోజు నేను అంత ఏడవలేదు.

ఆమె మా అన్న భార్య. అన్న సూర్యాపేటలో వకీలు. వదిన పుట్టిల్లు ఓరుగల్లు. వాళ్ల ఇంటి వెనక సందులో తివాచీ మగ్గాలుండేవి. చిన్నతనమంతా ఆ మగ్గాల కిందే ఆడుకుందట. చదువు రాదు, ఉత్తరం వస్తే నేనో అన్నో చదివి పెట్టాలి. కానీ ఉన్ని ముక్క చేతికిస్తే అది బతికున్న గొర్రె మీద కత్తిరించిందో, చచ్చినదాని తోలు మీద గీకిందో కళ్లు మూసుకుని చెప్పేది. పొడుగు మనిషి, సన్నటి చేతులు. ఆ చేతులు ఊరికే ఉండేవి కావు. ఎవరితో మాట్లాడుతున్నా, వాళ్ల భుజం మీద దారప్పోగు కనబడితే మాట ఆపకుండానే తీసి పారేసేది. నా పెళ్లిలో మా ఆయన కండువా మీద కూడా అలాగే తీసింది. పీటల మీద మనిషి ఉలిక్కిపడ్డాడు.

తివాచీని వదిన కాలీను అనేది, ఓరుగల్లు అలవాటు. అన్న ఇంటి ముందుగదికి కాలీను కొనడానికి వెళ్లినప్పుడు నేనూ వాళ్ల వెంట ఉన్నాను. దుకాణం సాయెబు ఒక్కొక్కటే విప్పి పరుస్తున్నాడు. అన్నకు మొదటిదే నచ్చింది. వదిన దానికేసి చూడను కూడా చూడలేదు. ప్రతిదాన్నీ మూల పట్టి తిప్పేది. వెనక ముడులు వరసగా ఉన్నాయా, పువ్వు ముందెంత తేటగా ఉందో వెనకా అంత తేటగా ఉందా అని వేలితో తడుముతూ పోయేది. తర్వాత మధ్యకు మడిచి ఉన్ని మొదలు చూసేది. పైన ఒక రంగు, మొదట్లో ఒక రంగు ఉంటే పక్కకు నెట్టేది. ఆఖరుకు అన్న పంచె కొంగు లాక్కుని, ఉమ్మితో తడిపి ఎర్ర పువ్వు మీద గట్టిగా రుద్దింది. సాయెబు అయ్యయ్యో అన్నాడు. అన్న పంచె కొంగు తెల్లగానే ఉంది. అది పన్నెండో తివాచీ.

"గిది" అంది వదిన.

దానికో దోషం ఉంది. అంచులో ఒక మూల నాలుగు పువ్వులు మిగతావాటికన్నా వెలిసినట్టున్నాయి. అన్న వేలు పెట్టి చూపించాడు. "గీడ రంగు తప్పింది గదనే."

"తప్పలే. కుండల రంగు అయిపోతే ఇంకో కుండ కాసిన్రు. చిరివేరు ఉడకేసి తీసే ఎర్ర గది. డబ్బా రంగైతే అంతటా ఒక్కతీరుగ ఉంటుండె. మనిషి చేసిందని గదే గుర్తు."

"పిల్లను సూడబోయిన్నాడు నేను గింత సూడలే" అన్నాడు అన్న.

"సూస్తే నన్ను చేసుకోకపోదురు" అంది. సాయెబుతో సహా అందరం నవ్వాం. మా వదిన నవ్వు నాకు గుర్తున్నంతలో ఆ దుకాణంలోనిదే పెద్దది.

ఇక దాని సేవ. మా అమ్మ బతికుంటే కోడలు గుడ్డముక్కకు ఊడిగం చేస్తోందని ఊరంతా చెప్పేది. వదిన రోజూ పొద్దున మెత్తటి పొరకతో ఊడ్చేది. అదీ ఉన్ని వాలు ఎటుంటే అటే. చేత్తో నిమిరి చూస్తే ఒకవైపు నున్నగా పోతుంది, ఇంకోవైపు గరుకుగా తగులుతుంది. నున్నగా పోయేదే వాలు. ఎదురు వాలు ఊడిస్తే దుమ్ము మొదట్లోకి దిగి, ఇసుక రంపంలా ముడులు కోస్తుందనేది. రెండు నెలలకోసారి తలవైపు కాళ్లవైపుకు తిప్పేది, కిటికీ ఎండ ఒక్కవైపే తినకుండా. ఏడాదికోసారి పెరట్లో బోర్లా వేసి వెనక నుంచి బెత్తంతో తట్టేది. చుట్టి పెట్టాలంటే లోపల ఎండిన వేపాకు, పొగాకు. మడత పెట్టడం మాత్రం పాపం. ఓసారి నేను దాని మీద చారు ఒలకబోసి, కంగారుగా కొంగుతో రుద్దబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది. "ఒత్తాలె గని రుద్దొద్దు పిల్లా. రుద్దితే మరక లోపటికి పోతది. ఒత్తితే గుడ్డలకొస్తది." పొడిగుడ్డ మీద అరచెయ్యి ఆనించి, పసిబిడ్డకు జ్వరం చూసినట్టు, చాలాసేపు అలాగే కూర్చుంది. ఎవరికి ఏ బాధ వచ్చినా ఆమె చేసే ఓదార్పూ అంతే. వీపు మీద చెయ్యి ఆనించి ఊరుకునేది. అడిగి రుద్దేది కాదు.

ఇంత సేవ చేసి దాన్ని అద్దాల బీరువాలో పెట్టుకుందా అంటే, లేదు. అన్న కక్షిదారులు చాలామంది రైతులు. దొరలు గుంజుకున్న భూముల కేసులు. ఆ బురదకాళ్లతో వాళ్లు తివాచీ చూసి గడప దగ్గరే గొంతుక్కూర్చునేవారు. వదిన చెంబుతో నీళ్లు, పాత తువ్వాల ఇచ్చి, "కడుక్కోని తుడుసుకోండ్రి. కింద కూసునేటోళ్ల కోసమే గది" అని లోపలికి పిలిచేది. బూట్లు వేసుకున్నవాళ్లతోనే ఆమెకు పేచీ. ఒకసారి ఎవరో అధికారి అన్నను బెదిరించడానికి వచ్చి, బూట్లతోనే నేరుగా దాని మీదికి అడుగు వేయబోయాడు. వదిన అడ్డం వచ్చి నిలబడింది. "బూట్లిప్పి రండ్రి." అంతే, ఇంకో మాట లేదు. అతను కాసేపు చూసి, గడప అవతలే నిలబడి బెదిరించి వెళ్లాడు.

ఆ బెదిరింపు ఉత్తది కాలేదు. పోలీసు చర్యకు ముందు వచ్చిన ఎండాకాలం అది. ఊళ్లు ఊళ్లే నిజాం హద్దు దాటి సర్కారాంధ్ర వైపు పారిపోతున్నాయి. మా ఆయన పంతులుగా ఉన్న బడి మూతపడితే, ఆయన తన ఊరికి పోయాడు, నేను అన్నావదినల దగ్గరికి వచ్చి ఉన్నాను. ఒకనాడు వేములపల్లి నుంచి కక్షిదారు ఒకాయన వచ్చి, అన్న పేరు ఎక్కడెక్కడో వినబడుతోందని చెప్పి పోయాడు. అన్న ముందు తాను కోదాడ మీదుగా హద్దు దాటి, అవతల జగ్గయ్యపేటలో ఒక ఇల్లు కిరాయికి చూసి, వచ్చి మమ్మల్ని తీసుకుపోతానన్నాడు.

పొద్దున తివాచీ మీద కూర్చుని పెరుగన్నం తిన్నాడు. ఎప్పుడూ కూర్చునే చోటే, వెలిసిన నాలుగు పువ్వుల పక్కన. "మూడోనాటికి వస్త" అన్నాడు. వదిన గడప దాకా వెళ్లి ఆయన భుజం మీద ఏదో పోగు తీసి పారేసింది. పోగు ఉందో లేదో నాకు తెలియదు.

ఆయన సందు మలుపు తిరగ్గానే నేను అలవాటుగా పొరక అందుకున్నాను. వదిన లాక్కుంది.

"మనిషి పొలిమేర దాటక ముందుకే ఊడుస్తరా?"

అది నాకూ తెలిసిన ఆచారమే. ఊరికి పోయిన మనిషి పొలిమేర దాటేవరకు ఇల్లు ఊడ్వకూడదు. ఊడిస్తే తిరిగి రాడంటారు. మామూలుగా ఒక పూట ఆగితే చాలు. మధ్యాహ్నం నేను మళ్లీ పొరక తీశాను. "ఇగ బస్సు సూర్యాపేట దాటి ఎంతసేపైందో గద వదినా."

"ఆయన దాటవలసిన పొలిమేర సూర్యాపేటది కాదు పిల్లా" అంది. "హద్దు దాటిండని కబురు రానీ. అప్పుడు ఊడుద్దాం."

నాకు అప్పుడది సబబుగానే తోచింది. ఎదురు చెప్పి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ చెప్పాలంటే అన్న క్షేమం మీదే పందెం కాయాలి. ఏ చెల్లెలు కాస్తుంది?

మూడోనాడు రాలేదు. పదోనాడు రాలేదు. కబురూ రాలేదు. వదిన మిగతా ఇల్లంతా ఊడుస్తుంది, తివాచీ అంచుదాకా వచ్చి ఆపేస్తుంది. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వదు. అన్న కూర్చున్నచోట ఉన్ని కొంచెం అణిగి ఉంది. అన్నం తింటుంటే జారిన ఒక మెతుకు అక్కడే ఎండి ఉంది. ఆ మెతుకును కూడా తియ్యనివ్వలేదు.

రెండు వారాలకు ఇద్దరం కోదాడ పోయాం. దారి పొడుగునా ఆమె నా చెయ్యి వదల్లేదు. బస్సులు ఆగేచోట ఒక చిన్న హోటలుంది. ఆ హోటలాయనకు అన్న గుర్తున్నాడు.

"వకీలు గారే కదండీ? ఇక్కడే దిగారమ్మా. టీ తాగి, తూర్పుకేసి నడుచుకుంటూ వెళ్లారు. చేతిలో చిన్న సంచీ ఉంది."

"దాటిండా?" అంది వదిన.

"అది నేనెట్లా చెప్తానమ్మా? ఇక్కణ్ణుంచి కనబడేది ఆ చింతచెట్టు మలుపు దాకానే. మలుపు తిరిగారు. ఆ తరవాత నేను చూళ్లేదు."

"మలుపు తిరిగినంక హద్దు ఎంత దూరం?"

"ఎంతో లేదమ్మా. పూటలో దాటెయ్యొచ్చు."

"దాటేటోళ్లు దాటిన్రా ఆ నాడు?"

ఆయన గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు. వదిన మలుపు దాకా నడిచి నిలబడింది. రోడ్డు అవతల కూడా రోడ్డే ఉంది. రాయి లేదు, గీత లేదు. ఒకాయన గొర్రెల మందను తోలుకుంటూ అటు నుంచి ఇటు వచ్చాడు. వదిన వాటిలో ఒకదాన్ని ఆపి, దాని వీపు ఉన్నిలో వేళ్లు దూర్చి అలా నిలుచుండిపోయింది. "పోదాం పా వదినా" అని నేను లాగేదాకా కదల్లేదు. తిరుగు బస్సులో ఒకే మాట అంది. "ఎవడన్న సూసిండంటే సాలు. సచ్చిండన్నా సాలు పిల్లా." నేను ఆమె నోరు మూశాను. ఎంత గట్టిగా మూశానంటే ఆమె పెదవి చిట్లింది.

వానలు పడ్డాయి. ఆ గది గోడ చెమ్మ ఎక్కేది. చెమ్మ పడితే కాలీను ఎండకు వేయాలని నాకు నేర్పిందే ఆమె. వేయలేదు. సన్నటి చిమ్మటలు లేచాయి. ఉన్ని తినే తెల్ల చిమ్మటలు. ఒకప్పుడు ఇంట్లో ఒక్క చిమ్మట ఎగిరితే రెండు అరచేతులతో గాల్లోనే చంపి, బీరువాలన్నీ ఖాళీ చేయించి వెతికిన మనిషి. ఇప్పుడు గోడకు ఆనుకుని కూర్చుని అవి లేవడం, వాలడం చూసేది. ఒకరోజు నేను తట్టుకోలేక అరిచాను. "తింటున్నయ్ వదినా! కాలీనంత తింటున్నయ్!"

"తిననీ" అంది. "అవి తింటే ఉన్ని పోతది. నేనూడిస్తే ఆయన పోతడు."

పోలీసు చర్య అయింది. దారులు తెరుచుకున్నాయి. పారిపోయినవాళ్లు మూటలతో, పిల్లలతో తిరిగి రావడం మొదలైంది. జైళ్లలోంచి కొందరు వచ్చారు. ఎవరు వచ్చారని తెలిసినా వదిన వాళ్ల ఇంటికి పరుగెత్తేది. వాళ్ల ఇళ్లల్లో నవ్వులు, ఏడ్పులు, వంటలు. ఈమె గడపలో నిలబడి ఒకే ప్రశ్న. జగ్గయ్యపేటల మా ఆయన కనవడ్డడా? మొదట్లో అయ్యో పాపమన్నారు. రానురాను ఆమె వస్తుంటే తలుపు దగ్గరికి వేసేవారు. నేను వాళ్లను తప్పు పట్టను. ఇంట్లో మనిషి తిరిగొచ్చిన సంతోషంలో ఆ ముఖం చూడటం కష్టమే.

చలికాలం వచ్చింది. ఒక పొద్దున, మా వీధి చివరి ఇంటాయన వచ్చాడన్నారు. మా వైపు నుంచి పోయినవాళ్లలో ఇంకా రానివాళ్లు ఇద్దరే, ఆయనా, మా అన్నా. వదిన తల దువ్వుకోకుండానే వెళ్లింది. నేను ఒక్కదాన్నే ఇంట్లో ఉన్నాను. తివాచీ కేసి చూశాను. దాని మీద ఏడు నెలల దుమ్ము. నేను పొరక తీసుకున్నాను.

ఎందుకు తీసుకున్నానో ఎన్ని రకాలుగానో చెప్పుకున్నాను. ఆ చివరింటాయన వెంట అన్న కూడా వస్తే ఇల్లు ఇలా ఉంటే ఏం బాగుంటుందని అనుకున్నానని. వదిన మొండితనం మీద కోపం వచ్చిందని. అదంతా నిజమే కావచ్చు. పొరక ఆనించి ఒక్క దెబ్బ లాగాను. దుమ్ముతో పాటు ఉన్ని కుచ్చులు కుచ్చులుగా లేచి వచ్చింది. ఎర్ర పువ్వు ఒకటి మొత్తం ఊడి పొరక కొసకు చిక్కుకుంది. కింద నూలు పోగులు బయటపడ్డాయి. ఆపాలి. ఆపలేకపోయాను. మెతుకు ఎగిరి ఎక్కడో పడింది. సగం ఊడ్చేసరికి గడపలో నీడ పడింది.

చివరింటాయన కూడా అన్నను చూడలేదని ఆమె ముఖంలోనే ఉంది. నన్ను చూసింది, పొరక చూసింది, కిందికి చూసింది. తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను, కొట్టమనే కోరుకున్నాను. వచ్చి నా ఎదురుగా చతికిలబడి, చాలా మెల్లగా అడిగింది.

"మనిషి ఊరికి పోతే ఇల్లు ఊడ్వరు. శవం లేస్తే ఊడుస్తరు. నువ్వు ఏదనుకోని ఊడ్సినవ్ పిల్లా?"

నేను నోరున్న మనిషిని. వకీలు చెల్లెలినని మా ఆయన ఎప్పుడూ దెప్పుతుంటాడు. ఆ రోజు నా నోట్లోంచి ఒక్క అక్షరం రాలేదు. ఆమె జవాబు కోసం ఎదురుచూసింది. నిజంగానే ఎదురుచూసింది. ఆయన రక్తం కదా, నాకేమైనా తెలుసేమోనని.

తర్వాత నా చేతిలోంచి పొరక తీసుకుంది. "ఎదురు వాలు ఊడ్సినవ్" అంది. మిగిలిన సగం తనే ఊడ్చింది, వాలు ప్రకారం, ఉన్ని మిగిలినచోట చెయ్యి పెట్టి నిమిరి చూసుకుంటూ. అన్న కూర్చున్నచోటికి వచ్చేసరికి వాలు లేదు, ఉన్నే లేదు. అక్కడ పొడిగుడ్డ పరిచి అరచెయ్యి ఆనించి కూర్చుంది. వంట వేళ దాటిపోయింది. నేను పిలవలేదు.

సాయంత్రం ఇద్దరం పట్టి దాన్ని పెరట్లో దులిపి, తెచ్చి బోర్లా వేశాం. వెనకవైపు ముడులు చాలావరకు అలాగే ఉన్నాయి. చిమ్మటలు అంత లోతుకు పోలేదు. వెలిసిన నాలుగింటితో సహా పువ్వులన్నీ వెనక తేటగా కనబడుతున్నాయి. "మంచిదే కొన్నం" అంది వదిన. ఆ తర్వాత ఆ తివాచీ ఎప్పటికీ ఆ గదిలో బోర్లాగానే ఉండిపోయింది.

మా పెదనాయన వచ్చి కర్మ సంగతి ఎత్తాడు. ఎన్నాళ్లని చూస్తాం, ఏదో ఒక తిథి అనుకుని జరిపిద్దామన్నాడు. వదిన నా వైపు చెయ్యి చూపించింది. "నన్నడుగద్దు. ఊడ్సింది గామె. గామెనడుగున్రి." ఆమె గొంతులో కక్ష లేదు, అదే నన్ను కోసింది. పెదనాయన నన్ను అడిగాడు. నేను లోపలికి వెళ్లిపోయాను. కర్మ జరగలేదు. వదిన బొట్టు తీయలేదు. ఆ ఇంట్లోనే, పాపిట తెల్లబడేదాకా, ఎవరు వచ్చినా భుజం మీద పోగులు తీస్తూ బతికింది. నన్ను మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు. అడగకపోవడమే నాకు శిక్ష అయింది.

రెండు నెలల కింద ఆమెను ఆ ఇంట్లోంచే తీసుకుపోయారు. మగవాళ్లు సందు మలుపు తిరిగారు. ఎవరో నా చేతికి పొరక ఇచ్చి, "ఇల్లూడువమ్మా" అన్నారు. ఊడ్చుకుంటూ ముందుగదిలోకి వచ్చాను. తివాచీ బోర్లాగానే ఉంది. వెనకవైపుకు వాలు ఉండదు, ఎటు ఊడ్చినా ఒకటే. అయినా వంగి చేత్తో ఒకసారి నిమిరి చూసి, అప్పుడు ఊడ్చాను. ఏదనుకుని ఊడుస్తున్నావని ఈసారి అడిగేవాళ్లు లేరు. అడిగితే చెప్పేదాన్ని.